కాటా మేస్త్రి మరిచిపోయిన బల్ల

కాటా మేస్త్రిని మొదటిసారి పిలిపించుకున్న దుకాణందారుకు కాస్త విసుగు పుట్టడం మామూలే. మనిషి వస్తాడు, భుజం మీది సంచి దించుతాడు, కాటాను మాత్రం ముట్టుకోడు. నడుం వంచి బల్ల కాళ్ల వైపు చూస్తాడు. బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ ఊపుతాడు.

"కాటా పైనుంది మేస్త్రీ," అంటాడు దుకాణందారు.

"ఉండనీ. అదెక్కడికీ పారిపోదులే," అంటాడు మేస్త్రి, వంగినవాడు వంగినట్టే ఉండి.

సగం సార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. బల్లకు ఒక కాలు పొట్టిదై ఉంటుంది, లేదా నేల ఒకవైపు కుంగి ఉంటుంది. అట్టముక్క మడిచి కాలి కింద దోపితే, పైనున్న కాటా బుద్ధిగా సరైన అంకె చూపిస్తుంది. బల్లలో తప్పు లేదని తేలాకే మేస్త్రి తన చెక్కపెట్టె తెరుస్తాడు. అందులో చిన్నా పెద్దా గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ఇత్తడి తూకపురాయి. చెమట అంటితే బరువు మారుతుందని వాటిని వేళ్లతో పట్టుకోడు, మెత్తటి గుడ్డతో తీస్తాడు. ఒకే రాయిని ముందు పళ్లెం నడిమధ్యన పెడతాడు, తర్వాత నాలుగు మూలల్లోనూ పెడతాడు. అయిదు చోట్లా అంకె ఒకటే రావాలి. రాకపోతే పుస్తకం తీసి మూడు గళ్లలో రాసుకుంటాడు. చూపింది, ఉన్నది, తేడా. ఆ రాత పూర్తయ్యేదాకా ఒక్క మర కూడా తిప్పడు.

"అది ఎటువైపు అబద్ధమాడుతోందో ముందు తెలియాలి," అంటాడు ఎవరడిగినా. "ఎప్పుడూ ఒకేవైపు అబద్ధమాడే కాటాతో భయం లేదు. దానికేదో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది."

ఈ మాటలు అతని భార్యకు కంఠతా వచ్చు. ఆమె మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. నోట్లో మాట దాచుకోని మనిషి. నాలుగు వీధుల అవతల పని చేసుకుంటున్న భర్త, తెరిచిన కాటా ముందు కూర్చుని అన్నం సంగతి కూడా మరిచిపోతాడని షాపులో వాళ్లతో చెప్పి నవ్విస్తుంటుంది. వాళ్లకు నాలుగేళ్ల కొడుకు, అందరికీ బుడ్డోడు. కింద దర్జీ తాత కొట్టు, పైన వీళ్ల రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకోవడానికి చిన్న వరండా.

వానలు మొదలైన వారంలో ఆ ఇంటికి మేస్త్రి అక్క కూతురు వచ్చింది. పదమూడేళ్లది. వాళ్లింట్లో దాన్ని చిలక అనేవారు. పేరు పెట్టింది వాళ్ల నాన్నే, చెప్పిన మాట చెప్పినట్టు అప్పజెబుతుందని. అప్పజెప్పడానికి ఆ ఇంట్లో పని చాలా ఉండేది. మేస్త్రి అక్కా బావా నాలుగేళ్ల పాటు ఒకే కప్పు కింద ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. 'మీ నాన్నకు చెప్పు, గ్యాసు అయిపోయిందని.' 'మీ అమ్మకు చెప్పు, నాకు కళ్లున్నాయని.' పిల్ల ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగేది. చివరికి బావ ఎటో వెళ్లిపోయాడు. అక్క మెల్లగా మంచం దిగడం మానేసింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. చిలక బడికని బయల్దేరి బడికి వెళ్లకుండా బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. రెండుసార్లు పోలీసులు దొరకబుచ్చుకున్నారు.

పిల్లల సంక్షేమ అధికారిణి మేస్త్రి దంపతులను తన ఆఫీసులో కూర్చోబెట్టి విషయం సూటిగా చెప్పింది. "మూడు నెలలు చూద్దాం. ఆ తర్వాత మీ ఇద్దరూ సంతకం పెడితే అమ్మాయి మీ దగ్గరే ఉంటుంది. లేకపోతే వసతి గృహంలో చేర్పిస్తాం. ఇద్దరూ అంటున్నాను, గుర్తుంచుకోండి. మామయ్య ప్రేమొక్కటే సరిపోదు." లేచే ముందు ఇంకో మాట అంది. "వసతి గృహం చెడ్డదని కాదు. నేను చూసినంతలో, రెండో ఇంట్లో కుదురుకోని పిల్లలు మూడో చోటి నుంచి వాళ్లే వెళ్లిపోతుంటారు. తర్వాత ఎక్కడున్నారో మాకు తెలియదు."

"వదిన పిల్ల మన పిల్ల కాదా," అంది మేస్త్రి భార్య, దార్లోనే.

మొదటి ఆరు వారాలూ ఇంట్లో ఎంత తీయగా గడిచాయంటే, మేస్త్రికే వింతగా తోచింది. భార్యకు ముక్కు మీదుండే కోపం ఎటో పోయింది. గిన్నెలు కడుగుతూ పాటలు పాడుతోంది. పెళ్లయిన కొత్తలో మానేసిన అలవాటది. ఎనిమిది నెలలుగా బొట్టుబొట్టుగా కారుతున్న వంటింటి కుళాయిని మేస్త్రి ఒక సాయంత్రం కూర్చుని విప్పి బాగుచేశాడు. చిలక నెమ్మదిగా తిరిగేది, చెప్పిన పని చేసేది. బుడ్డోడు దాన్ని "వదినా వదినా" అంటూ కొంగుపట్టినట్టు వెంట తిరిగేవాడు. వాడి నోట ఆ పిలుపు వింటే దర్జీ తాత కుట్టుమిషను ఆపి మరీ నవ్వేవాడు.

అన్నిటికన్నా మేస్త్రిని మురిపించిన సంగతి వేరే ఉంది. ఆదివారం సంతలో కాటాలు చూడటానికి అతను వెళుతుంటే చిలక కూడా తయారయ్యేది. "నాకు కాటాలంటే ఇష్టం మామయ్యా," అంది ఒకసారి. ఇన్నేళ్లలో ఆ మాట అన్న మనిషి ఇంకొకరు లేరు. సంతలో కనబడిన ప్రతివాడికీ అతను దాన్ని చూపించి, "మా శిష్యురాలు," అని చెప్పుకున్నాడు.

ఏడో వారంలో చిలక క్లాసు టీచరు దగ్గుమందు కోసం మందుల షాపుకు వచ్చింది. కౌంటరు వెనక మేస్త్రి భార్యను చూసి ఆశ్చర్యపోయింది. "అప్పుడే పనిలోకి వచ్చేశారా? ఒంట్లో ఎలా ఉందిప్పుడు?"

"నాకేమైందండీ?"

"ఆపరేషనయి మంచం మీదున్నారని మీ అమ్మాయి చెప్పింది. రెండుసార్లు రమ్మని కబురు పెట్టాం కదా. లెక్కల్లో మరీ వెనకబడింది..."

ఆ సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా వచ్చి చిలక ఎదుట నిలబడింది. "నాకు ఆపరేషన్ ఎప్పుడయిందే?"

చిలక ముఖంలో ఏమీ కదల్లేదు. "నేనలా చెప్పలేదు అత్తయ్యా. టీచరుగారు మీరనుకుని ఇంకెవరి సంగతో చెప్పుంటారు."

అంత నున్నగా, రెప్పవాల్చకుండా వచ్చిన ఆ జవాబు మేస్త్రి భార్యను ఆపరేషన్ అబద్ధం కన్నా ఎక్కువగా బెదరగొట్టింది. పిల్ల కిందికి వెళ్లాక భర్త దగ్గర కూర్చుంది. గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె గొంతు తగ్గించిందంటే విషయం పెద్దదని అతనికి తెలుసు.

"నాకు కోపం కాదండీ, భయం. నేను మందులమ్మే మనిషిని. జ్వరమెంతుంది, ఎన్ని మాత్రలేసుకున్నావు అని అడిగితే అవతలివాళ్లు నిజం చెబుతారన్న ధైర్యంతోనే నా పని నడుస్తుంది. రేపు నేను షాపులో ఉన్నప్పుడు బుడ్డోడికి ఒళ్లు కాలిపోతుంటే, 'వాడు బాగానే ఉన్నాడత్తయ్యా' అంటుంది ఈ పిల్ల. అదే ముఖంతో అంటుంది. నేను నమ్ముతాను."

మేస్త్రి లేచి వెళ్లి మెట్ల తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇంకా ఆరు వారాలుంది. నమ్మకం కుదిరితే సంతకం పెడతాను. కుదరకపోతే నన్ను బలవంతపెట్టకండి."

ఇలాంటప్పుడు ఇంకొకరైతే పిల్లను కూర్చోబెట్టి నీతులు చెప్పేవాళ్లు, లేదా నాలుగు తగిలించేవాళ్లు. మేస్త్రికి రెండూ చేతకావు. అతని బుర్రలో ఒకటే ప్రశ్న దూరి కూర్చుంది. ఎటువైపు? మర్నాడు పనిలోకి వెళుతూ పుస్తకంలో వెనక పేజీ ఒకటి తిప్పి, పాత అలవాటు కొద్దీ మూడు గళ్లు గీశాడు. చూపింది, ఉన్నది, తేడా.

రెండు వారాలు ఓపిగ్గా రాశాడు, పిల్ల వచ్చిన కొత్తలోవి గుర్తొచ్చినవి కూడా. తెలిసినంత మేరకు ఉన్నది కూడా రాశాడు, తెలియని చోట గడి ఖాళీగా వదిలేశాడు. కాటాకు చేసినట్టే నాలుగు మూలల పరీక్ష కూడా చేశాడు. లెక్కల పరీక్ష మార్కులు ఇచ్చిన రోజున బడి ఎలా గడిచిందని చిలకను తను అడిగాడు. భార్య ఎలాగూ అడిగింది. దర్జీ తాతను అడగమన్నాడు. బుడ్డోడికి అడగమని నేర్పాడు. మామయ్యకు వచ్చిన జవాబు, లెక్కల టీచరు మెచ్చుకుందని. అత్తయ్యకు, లెక్కలు కాస్త కష్టంగా ఉన్నాయి, అత్తయ్య చెబితే సులువుగా అర్థమవుతాయని. తాతకు, ఈరోజు బడి తొందరగా వదిలారు, కావాలంటే సూదుల్లో దారాలెక్కించి పెడతానని. బుడ్డోడికి, బళ్లోకి ఏనుగు వచ్చిందని. మేస్త్రి బడికెళ్లి కనుక్కున్న నిజమేమిటంటే, యాభైకి పదకొండు మార్కులు. బుడ్డోడి వరసలో తేడా దగ్గర ఏం రాయాలో తోచక ఏనుగు అని రాశాడు.

ఆ పేజీలు ముందు పెట్టుకుని మేస్త్రి లెక్కపెట్టాడు. ముప్పై ఒక్క అబద్ధాలు. ఒక్కదాంతోనూ పిల్ల తనకోసం ఏదీ సంపాదించుకోలేదు. పని ఎగ్గొట్టడానికి ఒకటీ లేదు, ఏదైనా కొనిపించుకోవడానికి ఒకటీ లేదు. ఎవరికి ఏ మాట వింటే ప్రాణం హాయిగా ఉంటుందో వాళ్లకు ఆ మాటే అందింది. ఎక్కువ భాగం ఒకరు చెప్పమంటే ఇంకొకరికి చెప్పినవి. ఒక మనిషి నోట బయల్దేరిన మాట రెండో మనిషికి చేరేసరికి బరువు తగ్గిపోతోంది. ప్రతిసారీ తగ్గడమే. ఒక్కసారి కూడా పెరగలేదు.

ఆ ఆదివారం సంత ముగించుకుని, చిలకను ఇంటి దగ్గర దింపి, అక్కను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాడు. ఆమె కాస్త తేరుకుంది. చూడవచ్చినవాళ్ల గదిలో బెంచీ మీద కూర్చుని తన తల తనే దువ్వుకుంటోంది.

"చిలకెలా ఉందిరా?"

"బాగుందక్కా. అసలు ఇబ్బందే లేదు." బెంచీ మీద పక్కనే కూర్చుని అడిగాడు. "అక్కా, అది మీ ఇద్దరి మధ్యా మాటలు మార్చి చెప్పేదా?"

ఆమె దువ్వెన ఆపింది. నవ్విందో లేదో తెలియనంత చిన్నగా నవ్వింది. "తెలుసురా నాకు. 'నాన్న తప్పయిపోయిందన్నాడమ్మా' అనేది. మీ బావ ఆ మాట అనే మనిషేనా? తెలిసే ఊరుకున్నా. వినడానికి బాగుండేది."

"మరి దానికి చెప్పలేదా, వద్దని?"

"నాకెవరు చెప్పారు?" అంది ఆమె. "మనింట్లో అమ్మ గిన్నె విసిరితే, నాన్న దగ్గరికి పరిగెత్తి 'చెయ్యి జారింది నాన్నా' అన్నదెవరు? నేనే కదా. నువ్వేమో మంచం కిందికి దూరేవాడివి."

"నేనా?"

"నువ్వే. అక్కడ నాన్న పాత తక్కెడుండేది. దాంతో ఆడుకునేవాడివి. ఇటో గోళీ, అటో గోళీ. పైన ఏం జరుగుతున్నా రెండు పళ్లేలూ సమానంగా నిలబడేదాకా బయటికొచ్చేవాడివి కాదు."

మేస్త్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు దాని గురించే ఆలోచించాడు. తనకు తూకాలంటే పుట్టుకతో ఇష్టమని అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒకరు మాటలు మోశారు, ఒకరు గోళీలు తూచారు. అలా ఎందుకయింది? అక్క చిన్నదై తను పెద్దవాడై ఉంటే అటుదిటు అయ్యేదా? ఇంటి వీధిలోకి తిరిగాక గాని, ఇందాక 'అసలు ఇబ్బందే లేదు' అని తను అన్న మాట గుర్తు రాలేదు. మెట్ల మీద నిలబడి పుస్తకం తీసి, ఆ మాట కూడా చూపింది గడిలో రాశాడు.

భార్యకు మంగళవారం మధ్యాహ్నం సెలవు. చిలక బళ్లో ఉంది, బుడ్డోడు నిద్రపోతున్నాడు. మేస్త్రి పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఈ ఖాళీ గళ్లు నువ్వే పూరించాలి. నువ్వు అసలు ఏమన్నావో నాకు తెలియదుగా."

ఆమె ఒక్కొక్క వరసే చదివింది. ఉన్నట్టుండి నవ్వింది. "ఇదేంటి? 'కుళాయి సంగతి మామయ్య చేతిలో అయిదు నిమిషాల పని, ఆయన పనితనం ప్లంబరుకు కూడా రాదు.' నేనెప్పుడన్నాను?"

"అనలేదా? చిలక ఆ మాట చెబితేనే కదా నేను కుళాయి విప్పింది."

"ఊళ్లో కాటాలన్నీ బాగుచేస్తాడు గానీ ఇంట్లో కుళాయికి ఎనిమిది నెలలుగా దిక్కు లేదని చెప్పు మీ మామయ్యకు, అన్నాను."

మేస్త్రి ముఖం చూసి ఆమె ఇంకా నవ్వింది. పేజీ తిప్పింది. ఏదో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"ఏమండీ. మీరు మెట్ల మీద నిలబడి నా పాట విన్నారా, ఎప్పుడైనా?"

"మెట్ల మీదా? చెప్పులు విప్పడానికి ఆగి ఉంటాను. ఎందుకు?"

"మామయ్య లోపలికి రాకుండా అక్కడే ఆగి వింటున్నాడత్తయ్యా అని చెప్పింది, వచ్చిన కొత్తలో." ఆమె పుస్తకం మూసింది. "తొమ్మిది వారాలుగా పాడుతున్నాను, మీరు వింటున్నారని."

మేస్త్రి మెడ నిమురుకున్నాడు. "వినిపించేదే. బాగానే ఉండేది. చెప్పాలని తోచలేదు."

"తోచలేదు," అంది ఆమె. తర్వాత పుస్తకం మళ్లీ తెరిచి వేలితో వరసలు లెక్కపెట్టింది. "'అత్తయ్య చెప్పమంది, మామయ్య చెప్పమన్నాడు' అని మొదలయినవి పంతొమ్మిది. మనం ఉండేది రెండు గదుల్లో. కేకేస్తే వినబడుతుంది. అలిగినప్పుడల్లా ఆ పిల్లను పిలిచి ఎందుకు చెప్పించాం?"

"అలకలు అందరిళ్లల్లోనూ ఉంటాయి."

"అది మనకు. వాళ్లింట్లో ఇలా మొదలయి ఎక్కడ తేలిందో దానికి తెలుసు కదా." ఆమె అతని కళ్లలోకి చూసింది. "కాటాను చూశారు సరే. బల్ల చూశారా?"

ఇరవై ఏళ్లుగా ఊరందరి ముందూ తను అంటున్న మాట.

"ఆపరేషన్ సంగతి మాత్రం వేరే," అంది ఆమె లేస్తూ. "అది మన మధ్య కబురు కాదు. అది బడిలో ఆడిన అబద్ధం. దానికి నాకు కారణం కనబడటం లేదు."

మాటల్లో పడి పుస్తకం బల్ల మీదే వదిలేశారు. సాయంత్రం బడి నుంచి వచ్చిన చిలక దాన్ని చూసింది. తెరిచింది. అది చదువుతుండగా వంటింటి గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి చూశాడు. పిల్ల తలెత్తలేదు. చివరిదాకా చదివి, పుస్తకం ఉన్నచోటే పెట్టి, వరండాలోకి వెళ్లి కూర్చుంది. పలకరిస్తే ఆకలి లేదంది. మేస్త్రికి బస్టాండు బెంచీ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున అది బడికి బయల్దేరితే వీధి మలుపు దాకా వెనకే నడిచాడు. బడి గేటులోకి వెళ్లిందని కళ్లారా చూశాకే పనికి వెళ్లాడు.

కిరాణా దుకాణంలో కాటా తూకం తప్పుతోంది. మూలల అంకెలు రాసుకుందామని పుస్తకం తీస్తే, వెనక పేజీల్లో చిలక పెన్సిలు రాత కనబడింది, రాత్రెప్పుడో రాసింది. అతను ఖాళీ వదిలిన గళ్లన్నీ నిండి ఉన్నాయి. తను నింపిన గళ్లలో కూడా కొన్ని కొట్టివేతలు.

'కుక్క వెంటపడిందని చెప్పింది' అన్న వరసలో అతను అబద్ధమని రాశాడు. దాన్ని కొట్టేసి, 'ఇది నిజం. మోకాలు చూడు' అని ఉంది.

లెక్కల మార్కుల దగ్గర, 'పదకొండు కాదు, పన్నెండు. ఒకటి కూడటం మరిచిపోయారు.'

ఆపరేషన్ దగ్గర రాత చిన్నదైంది. గడి సరిపోక అంచు దాకా పోయింది. 'టీచరు ఫిర్యాదు చెబుతారు. అత్తయ్య నిన్ను అంటుంది, మీ అక్క పిల్ల ఇలా ఉందని. నువ్వు మాట్లాడటం మానేస్తావు. తర్వాత ఇద్దరూ నన్ను చెప్పమంటారు.'

"ఏం మేస్త్రీ, కాటా పూర్తిగా పోయిందా? అలా అయిపోయారేం?" అన్నాడు కిరాణా ఆయన.

"కాటా బాగానే ఉంది," అన్నాడు మేస్త్రి. అప్పుడు వంగి బల్ల కింద చూశాడు.

ఆ సాయంత్రం వరండాలో ఆరిన బట్టలు మడత పెడుతూ చిలకను అడిగాడు. "కోపమొచ్చిందా, నీ మీద రాశానని?"

"నన్నడిగితే నేనే రాసిచ్చేదాన్నిగా," అంది అది.

"అడగడం నాకు తట్టలేదు."

"ఇంకా రాస్తావా?"

"రాయను. నీ చేత చెప్పించడం కూడా మానేస్తాం. అత్తయ్యా, నేనూ."

చిలక నమ్మినట్టు కనబడలేదు. నమ్మకపోవడానికి దాని కారణాలు దానికున్నాయి.

చెప్పినంత సులువుగా అలవాటు పోలేదు. "చిలకా, మీ మామయ్యతో..." అని నోరు తెరిచి, ఆపుకుని, చేతులు తుడుచుకుంటూ తనే అవతలి గదిలోకి నడవడం మేస్త్రి భార్యకు రోజుకు నాలుగుసార్లు తప్పేది కాదు. ముఖాముఖి మాట్లాడుకోవడం మొదలయ్యాక దంపతుల మధ్య చిన్న చిన్న గొడవలు పెరిగాయి కూడా. ఒకసారి టీవీ గొంతు మీద ఇద్దరూ గట్టిగానే అరుచుకున్నారు. చిలక తలుపు పక్కన బిగుసుకుపోయి నిలబడింది. పది నిమిషాల తర్వాత అదే ఇద్దరూ దుప్పటికి చెరోవైపు పట్టుకుని దులుపుతుంటే, ఇలా కూడా జరుగుతుందా అన్నట్టు చూసింది. మేస్త్రి భార్య తనే బడికి వెళ్లి టీచరును కలిసింది, రోజూ లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. చిలక అబద్ధాలు తగ్గాయి. మళ్లీ పెరిగాయి. ఒక వారం ఏనుగులు తప్ప ఏమీ లేవు. తర్వాతి వారం బడి పుస్తకం పోగొట్టుకుని టీచరే తీసుకున్నారంది. ఆ రోజు మేస్త్రి భార్య ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె సంతకం సంగతి ఎటు తేలుతుందో మేస్త్రికి అంతుబట్టలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు.

మూడు నెలలూ నిండాయి. అధికారిణి ఇంటికే వచ్చింది. ముందు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడింది. తర్వాత అందర్నీ ఒకచోట కూర్చోబెట్టింది. ఇది కూడా మూలల పరీక్షే అనుకున్నాడు మేస్త్రి. కాగితం బల్ల మీద ఉంది. అతను సంతకం పెట్టేశాడు. కలం భార్య చేతిలో ఉంది. ఆమె దాని మూత తీయలేదు.

"చివరిగా ఒక ప్రశ్న," అంది అధికారిణి చిలకతో. "ఈ ఇంట్లో నీకు నచ్చనిది ఏదైనా ఉందా?"

చిలక మామయ్యను చూసింది, అత్తయ్యను చూసింది. అంతా బాగుందన్న జవాబు దాని పెదాల మీదికి రావడం మేస్త్రి చూశాడు. ఆ నున్నని ముఖం అతనికి బాగా తెలుసు. భార్య కూడా అదే చూస్తోంది. కలం పట్టుకున్న వేళ్లు కదలడం లేదు. కింద దర్జీ తాత మిషను ఆగి, మళ్లీ మొదలయింది.

"ఆదివారం సంతకి వెళ్లడం," అంది చిలక.

ఇంకా చెప్పమన్నట్టు అధికారిణి తలూపింది.

"కాళ్లు లాగుతాయి. ఎండ. మామయ్య ప్రతి బల్ల కిందా దూరతాడు, నేను సంచి పట్టుకుని నిలబడాలి. నాకు కాటాలంటే ఇష్టం లేదు." అక్కడితో ఆగలేదు. "మామయ్య బాధపడతాడని చెప్పలేదు."

మేస్త్రికి నిజంగానే బాధ వేసింది. దాచుకోవడం చేతకాక కాళ్ల వైపు చూసుకున్నాడు. చిలక ఆ ముఖం చూసి కూడా మాట వెనక్కి తీసుకోలేదు, తీపి అద్దలేదు. కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

అతని భార్య మాత్రం పకపకా నవ్వింది. నవ్వుతూనే కలం మూత తీసింది. "బుడ్డోడికి జ్వరమొస్తే కూడా నాకిలాగే చెప్పాలి, వింటున్నావా? నేనెంత కంగారుపడినా సరే."

"చెప్తా," అంది చిలక. ఆ వెంటనే, "నువ్వు అరవకూడదు మరి," అంది. వచ్చిన దగ్గర్నుంచీ మీరు అనే పిల్ల మొదటిసారి అత్తయ్యను నువ్వంది.

"అరుస్తాను. అరిచినా చెప్పాలి," అంటూ మేస్త్రి భార్య సంతకం పెట్టింది.

తర్వాతి ఆదివారం కాటా మేస్త్రి ఒక్కడే సంతకు వెళ్లాడు. చిలక పడుకుని నిద్రపోతోంది. ఉల్లిపాయల కొట్టు ఆయన అటూ ఇటూ చూసి, "శిష్యురాలేదీ మేస్త్రీ? రాలేదేం?" అన్నాడు.

"ఒంట్లో..." అని మొదలుపెట్టాడు మేస్త్రి. ఆగాడు. సంచి దించాడు.

"రానంది. కాటాలంటే ఇష్టం లేదంట," అని చెప్పి, నడుం వంచి బల్ల కాళ్ల వైపు చూశాడు.